వీరుని వయస్సు, ఇల్లాలి నవ్వు : ‘సంక్రాంతికి వస్తున్నాం’ చిత్రముపై ఒక పరిశీలనము

విశ్వనాథుడు సాహిత్యదర్పణమున హాస్యమునకు భయానక కరుణములతో విరోధమును చెప్పియున్నాడు. భయపడిన మనస్సు నవ్వజాలదు. నవ్వుచున్న మనస్సున భయము నిలువదు. ఈ నియమమును యథాతథముగా అంగీకరించినచో, మనుష్యాపహరణము వంటి ఘోరమైన నేరమును కథావస్తువుగా గైకొని ప్రేక్షకులను మొదటినుండి తుదివరకు నవ్వించు కృతి పొసగరాదు. ఐనను 2025 జనవరి 14వ తేదీన, సంక్రాంతినాడు, విడుదలయైన ‘సంక్రాంతికి వస్తున్నాం’ అను తెలుగు చలనచిత్రము ఈ పనినే చేసి అసాధారణమైన జనాదరమును పొందినది. అనిల్ రావిపూడి రచించి దర్శకత్వము వహించిన ఈ చిత్రమున నాయకపాత్రధారి వెంకటేశ్. ఆయన 1960 డిసెంబరు 13న జన్మించినవాడు. చిత్రము విడుదలయగునాటికి అరువదినాలుగేండ్లవాడు. నేరము, నవ్వు, అరువది దాటిన వీరుడు: ఒకదానితో నొకటి పొత్తు కుదరని ఈ మూడును ఒక్కచోట ఎట్లు కుదిరినవి? ఈ వ్యాసమున మేము విచారింపబూనినది ఈ ప్రశ్ననే.

చలనచిత్రమును గూర్చి తెలుగు శాఖవారి పత్రికలో వ్రాయుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని నాటకమును సాహిత్యముగా అంగీకరించిన మనము, సంభాషణము ప్రాణముగాగల ఇట్టి చిత్రమును విచారణకు దూరముగా ఉంచుట న్యాయము కాదు. వలసినది ప్రశంసయు కాదు, తిరస్కారమును కాదు, పరీక్ష.

ముందుగా కథను క్లుప్తముగా చెప్పుదుము. అమెరికాలోని ఒక గొప్ప సంస్థకు అధిపతియైన సత్య ఆకెళ్ళ అను తెలుగువాడు స్వదేశమునకు వచ్చును. ఆతని రాకవలన రాష్ట్రమునకు పెట్టుబడులు లభించునని ముఖ్యమంత్రి కేశవ ఆశపడును. ఇంతలో బిజు పాండే ముఠా ఆ అతిథిని అపహరించి, చెరసాలయందున్న పప్పా పాండేను విడిచిపెట్టుడని కోరును. సంగతి బయటపడినచో ప్రభుత్వము పరువు పోవును. కావున రహస్యముగా బందీని విడిపింపవలెను. ఈ పనికి తగినవాడు యాదగిరి దామోదరరాజని మీనాక్షి అను పోలీసు అధికారిణి సూచించును. రాజు ఒకప్పటి పోలీసు అధికారి, ఎన్‌కౌంటర్లలో ఆరితేరినవాడు. ఇప్పుడా ఉద్యోగము లేదు. రాజమహేంద్రవరమున భార్య భాగ్యలక్ష్మితో, బిడ్డలతో, బంధుజనముతో కాలము వెళ్ళబుచ్చుచున్నాడు. మీనాక్షి ఆతని పూర్వప్రణయిని. ఈ సంగతి తెలిసిన భాగ్యలక్ష్మి భర్తను ఒంటరిగా పంపుటకు ఒప్పుకొనదు, తానును బయలుదేరును. ఇట్లు ఒక బందీవిమోచన ప్రయత్నము, ఒక సంసార కలహము ఒకే బండిలో ప్రయాణము చేయును. కథాయంత్రమంతయు ఇందే ఉన్నది.

ఇక రసవిరోధ విషయము. పరస్పర విరుద్ధములైన భావములను ఒకే కావ్యమున నిర్వహించుటకు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము తృతీయోద్ద్యోతమున ఒక ఉపాయము చెప్పినాడు. ఒకే ఆశ్రయమున నిలిచినచో విరోధించు భావములను వేర్వేరు ఆశ్రయములందు ఉంచవలెనని ఆ ఉపాయము. నాయకునియందు ఉత్సాహమును, ప్రతినాయకునియందు భయమును నిలిపినచో విరోధము తొలగుటయే కాక, నాయకుని వీరము మరింత ప్రకాశించును. ఈ చిత్రమున భయమునకు ఆశ్రయమెవ్వడు? అపహరింపబడినవాని ప్రాణభయమునకు ప్రాధాన్యము లేదు. పదవి ఎక్కడ జారిపోవునో యని ముఖ్యమంత్రియు, ఉద్యోగులును పడు భయము ప్రధానము. అధికారమునందున్నవాని భయము సామాన్యునికి కరుణమును గాని భయానకమును గాని కలిగింపదు, నవ్వు పుట్టించును. నాయకునియందును భయము కలదు, కాని అది దుండగులవలన పుట్టినది కాదు. భార్య ఏమనునో, పాత ప్రేమకథలో ఏ భాగము ఎప్పుడు బయటపడునో అను భయమది. ఇట్లు భయమును ప్రాణాపాయమునుండి తప్పించి, పరువునకును సంసారమునకును ముడివెట్టుటచేత భయానకము హాస్యమునకు విరోధి గాక విభావమైనది. ఈ కూర్పు యాదృచ్ఛికమని మేము తలపము.

ఈ విషయము స్పష్టపడుటకు ఇదే నటుని మరియొక చిత్రమును పోల్చి చూడవలెను. 1991లో రామ్‌గోపాల్ వర్మ దర్శకత్వమున వచ్చిన ‘క్షణ క్షణం’ కూడ నేరమును హాస్యమును కలిపిన చిత్రమే. బ్యాంకు దోపిడి సొమ్ముకొరకు ఒక ముఠా వెంటబడగా, సత్య అను యువతి, చందు అను చిల్లరదొంగ కలిసి పారిపోవుదురు. సత్యగా శ్రీదేవి, చందుగా వెంకటేశ్ నటించిరి. అందు భయమునకు ఆశ్రయము నాయిక. ధైర్యమునకును పరిహాసమునకును ఆశ్రయము నాయకుడు. ఆమె బెదురుచుండగా ఆతడు నవ్వించును. ముప్పదియొక్క యేండ్లు నిండబోవుచున్న నటునకు ఆ పంపిణి తగియున్నది. ముప్పదిమూడేండ్ల తరువాతి చిత్రమున ఈ పంపిణి తలక్రిందులైనది. ఇప్పుడు బెదరువాడు నాయకుడు, బెదరించునది ఇల్లాలు. ఒక నటుని వయస్సు కథానిర్మాణమునందు ఎట్టి మార్పును తెచ్చునో చూపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు.

వయస్సు మీరిన వీరనాయకుని సమస్య తెలుగు చలనచిత్రమునకే పరిమితమైనది కాదు. హాలీవుడ్డునందును వయస్సు మళ్ళిన పోరాటవీరులు తమ ముదిమినే పరిహాసవస్తువుగా చేసికొన్న చిత్రములు కలవు. శరీరము చేయజాలని పనిని కథ చేయవలసి వచ్చును. దానికి రెండు మార్గములున్నవి. మొదటిది, వయస్సును లెక్కింపక వీరమును పూర్వమువలెనే గంభీరముగా నిలుపుట. 2025 సంక్రాంతికే, జనవరి 12న విడుదలయైన ‘డాకు మహారాజ్’ ఈ మార్గము త్రొక్కినది. దాని నాయకుడు నందమూరి బాలకృష్ణ, ఆయనయు 1960లో జన్మించినవాడే. రెండవది, వీరమును అప్పుడప్పుడు మాత్రమే వెలికి తీసి, తక్కిన సమయమున వీరుని గృహస్థునిగా చూపుట. వెంకటేశ్ ఈ రెండు మార్గములును పరీక్షించిన నటుడు. 2024 సంక్రాంతికి వచ్చిన ‘సైంధవ్’ చిత్రమున ఆయన రోగగ్రస్తయైన కుమార్తెకొరకు పోరాడు గంభీరవీరుడు. అది ఆశించిన ఆదరమును పొందలేదు. సరిగా ఒక సంవత్సరమునకు వచ్చిన హాస్యచిత్రము ఆయన నటజీవితమునందే గొప్ప విజయములలో ఒకటియైనది. ఒక్క పోలికతో సిద్ధాంతము చేయరాదు. ఐనను, ‘నువ్వు నాకు నచ్చావ్’ (2001), ‘మల్లీశ్వరి’ (2004), ‘ఎఫ్2’ (2019) చిత్రముల పరంపరను తెలిసిన ప్రేక్షకుడు ఈ నటుని చేతిలోని ఆయుధముకంటె ముఖమందలి నిస్సహాయతనే ఎక్కువగా ప్రేమించుచున్నాడని చెప్పవచ్చును.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. పోరాటమును హాస్యమును కలుపుట పాశ్చాత్యుల అనుకరణమే గదా యని. పైపై రూపమున కొంత నిజముండవచ్చును. కాని లోకైకవీరుడు ఇల్లాలి ముంగిట తలవంచుట తెలుగువారికి క్రొత్త కాదు. నంది తిమ్మన పారిజాతాపహరణమున నరకాది దానవులను గెలిచిన కృష్ణుడు అలుకగృహమున సత్యభామ పాదములకు మ్రొక్కబోయి ఆమె వామపాదముచే తాడనము పొందును. ఆ తాడనమువలన ఆతని వీరము తగ్గలేదు. అటుపిమ్మట ఆమె కోరికకొరకే ఇంద్రునితో పోరాడును. ఆ యాత్రకు సత్యభామ ఇంట కూర్చుండదు. గరుడుని మూపుపై భర్తతో కూడ బయలుదేరును. గృహకలహము యుద్ధమునకు హేతువగుట, ఇల్లాలు యుద్ధయాత్రయందు భాగస్వామిని యగుట, సవతి యను శంక కథను నడపుట: ఈ మూడును ఆ ప్రబంధమున ఉన్నవి. భాగ్యలక్ష్మి పట్టుబట్టి భర్తవెంట బయలుదేరినపుడు ప్రేక్షకుడు ఆశ్చర్యపడక నవ్వుటకు కారణము, ఆ దృశ్యము ఆతనికి సంస్కారరూపమున పరిచితమై యుండుటయే యని మా అభిప్రాయము.

పోతన దశమస్కంధమున నరకవధ ఘట్టము ఇంకను ఉపకరించును. ఆ పోరున సత్యభామ ఒకే సమయమున ప్రియునివైపు అనురాగమును, శత్రువువైపు ఆగ్రహమును ప్రకటించును. ఆశ్రయ మొకటే, ఆలంబనములు రెండు. విరుద్ధభావములను విషయభేదముచేత పొసగించుటకు తెలుగున ఇది ప్రసిద్ధోదాహరణము. ఈ చిత్రమునకు ఆ కావ్యగౌరవమును కట్టబెట్టుట మా ఉద్దేశము కాదు. భావసంధానమార్గ మొక్కటే అని మాత్రము చెప్పుచున్నాము. ఈ మార్గమును పండితులే కాక సామాన్యులును ఎరుగుదురు. దానికి కారణము భామాకలాపము. సిద్ధేంద్రయోగి పేర ప్రసిద్ధమైన ఆ కలాపము కూచిపూడికే పరిమితము కాలేదు. కోనసీమలోని ముమ్మిడివరము మొదలుగాగల గోదావరిమండల గ్రామములలో కళావంతుల మేళములును దానిని ప్రదర్శించుచుండెడివి. అలుక, ఎత్తిపొడుపు, తుదకు రాజీ అను క్రమమును ఈ ప్రాంతపు శ్రోతలు తరతరములుగా విన్నవారు.

ఇట్లు కోనసీమ ప్రసక్తి వచ్చినది గనుక భాషావిషయమును విచారింతము. చిత్రమున నాయకుని కాపురము రాజమహేంద్రవరమునందు. ఆ నగరమునకు దిగువ ధవళేశ్వరమువద్ద గోదావరి చీలి గౌతమి, వసిష్ఠ యనునవిగా పారును. ఆ రెంటినడుమ నున్న లంకల నేల కోనసీమ. కొత్తపేట, అమలాపురము, రాజోలు దాని ముఖ్యస్థానములు. 2022 ఏప్రిల్ 4న అమలాపురము కేంద్రముగా ఇది ప్రత్యేకజిల్లాయైనది. పరిపాలనవిభాగములు మారినను పలుకుబడి ఏటి పొడవునను ఒకటిగనే సాగుచున్నది. ఈ పలుకుబడికి గల ప్రత్యేకత, గౌరవార్థకమును వ్యంగ్యసాధనముగా వాడుట. “అండి” అను ప్రత్యయము అన్యత్ర మర్యాదను మాత్రమే తెలుపును. కోనసీమయందు మాట మాటకును చేరి, కాకువునుబట్టి మర్యాదను, విసుగును, ఎగతాళిని కూడ తెలుపును. “తమరు చెప్పేక తప్పేముంటదండి, ఆయ్” అని ఒకడు పలికినచో, అది అంగీకారమో ఆక్షేపణమో ఆ ఊరివాడు కానివానికి తెలియదు. తుదనున్న “ఆయ్” వినయమును నటించుచు మాటకు ముద్ర వేయును. జనులు దీనినే వెటకారమందురు. నోటిమాటలో ‘ఎటకారం’ అగును.

ఆలంకారికపరిభాషలో చెప్పవలెనన్న ఇది వ్యాజస్తుతికి సోదరి. స్తుతిరూపమున నిందను చేయుటకు కవి శ్రమపడవలెను. ఈ ప్రాంతమున కూరలు బేరమాడు ఇల్లాలు శ్రమలేక చేయును. నేరము ప్రధానముగాగల హాస్యచిత్రమునకు ఇట్టి భాష ఎందులకు ఉపకరించును? తిట్టినచో కలహము తీవ్రమై రౌద్రమగును, వేడినచో కరుణమగును. గౌరవవాచకముతో గుచ్చినచో కలహము సాగుచుండును, హాస్యము చెడదు. ఐశ్వర్యా రాజేశ్ ధరించిన భాగ్యలక్ష్మి పాత్ర బలమంతయు ఈ పలుకుబడియందే ఉన్నది. అధికారులు ఆజ్ఞల భాషలో, దుండగులు బెదిరింపుల భాషలో మాటలాడుచుండగా, ఆమె వంటింటి భాషలో వారినందరిని నిలువరించును. ఈ పలుకుబడి తెరకెక్కుట ఇదే మొదలు కాదు. గోదావరి పల్లెల హాస్యమును ఇముడ్చుకొన్న వంశీ చిత్రము ‘లేడీస్ టైలర్’ 1986లో వచ్చినది. వెంకటేశ్ నాయకునిగా తొలిచిత్రమైన ‘కలియుగ పాండవులు’ విడుదలయైనదియు ఆ సంవత్సరమే. నాడు వేర్వేరుగా నడచిన ఆ రెండు ధోరణులు, ఊరిపలుకు హాస్యమును పోరాటనాయకుని ఠీవియు, నలువదియేండ్లకు చేరువగా ఒక చిత్రమున కలిసికొన్నవి.

చిత్రనామమునుగూర్చి ఒక మాట. ‘వస్తున్నాం’ అనుట ఉత్తమపురుష బహువచనము. ఇది ఒంటరివీరుని ప్రతిజ్ఞ కాదు, కుటుంబము పంపిన కబురు. ఉద్యోగములకై హైదరాబాదునకో, దూరదేశములకో పోయినవారు పుష్యమాసమున ఇంటికి పంపు మాట ఇది. కోనసీమయందు ఈ రాకకు విశేషార్థము కలదు. సంక్రాంతినాడు కొత్తపేటయందును, కనుమనాడు జగ్గన్నతోటయందును జరుగు ప్రభలతీర్థములకు ఊళ్ళన్నియు కదలును. జగ్గన్నతోటకు పదునొకండు గ్రామముల రుద్రులు ప్రభలపై విచ్చేయుదురు. 2023 గణతంత్రదినోత్సవమున ఆంధ్రప్రదేశ్ శకటముగా ఢిల్లీయందు చూపబడినది ఈ ప్రభలతీర్థమే. ఇట్టి దినములలో చిత్రప్రదర్శనశాలకు వచ్చునది ఒక వ్యక్తి కాదు. అవ్వ మొదలు మనుమనివరకు మూడు తరములు. రక్తపాతమును చూపి వారిని ఒకే వరుసలో కూర్చుండబెట్టుట కష్టము. పైగా పండుగనాటి అల్లుడు గోదావరిసీమయందు ద్విపాత్రాభినయము చేయువాడు. విస్తరిలో ఆతనికి అగ్రపూజ. వంటింటి గుమ్మమువద్ద మరదండ్ర పరిహాసములకు ఆతడే గురి. బయట ఎంతటివాడైనను అత్తవారింట అల్లుడే. వయస్సు మీరిన వీరుని భర్తగా, అల్లునిగా నిలుపుట ఈ పండుగ సంప్రదాయమున ఆతనిని కూర్చుండబెట్టుటయే. అచట బలహీనత అవమానము కాదు, మర్యాద.

ఇంతవరకు గుణపక్షము. దోషవిచారము చేయనిచో పరీక్ష పూర్తి కాదు. మొదటిది: నాయకుని పూర్వవృత్తాంతము. విచారణలేక ప్రాణము తీయుటలో ఆరితేరినవాడనుట చిత్రమున ఒక యోగ్యతాపత్రమువలె చెల్లుచున్నది. నవ్వు ఆ మాటమీద తెరవలె పడి, ప్రేక్షకుని ప్రశ్నింపనీయదు. భయానకమును హాస్యముగా మార్చు ఉపాయమును పైన మెచ్చుకొంటిమి; ఆ ఉపాయమే న్యాయాన్యాయవివేకమును కూడ కరిగించునపుడు జాగ్రత్తపడవలెను. రెండవది: భార్యయన్న శంకించునది, పూర్వప్రణయినియన్న కవ్వించునది అను అచ్చుబొమ్మలు. తిమ్మన సత్యభామకు అలుకతోపాటు అభిమానమను మహాగుణము కలదు. ఆమె ఆగ్రహమునకు న్యాయమైన హేతువు కలదు. భాగ్యలక్ష్మికి ఆ హేతువును కొంతయే దక్కనిచ్చి, తక్కినదానిని గడబిడకు వినియోగించిరి. మూడవది: బాలుని నోట బూతుమాట పలికించి నవ్వించుట. నేటి తెరలను చూచి పిల్లలు చెడుచున్నారను హెచ్చరిక అందుండవచ్చును. కాని ప్రేక్షకుడు ఇంటికి మోసికొనిపోవునది హెచ్చరికను కాదు, ఆ మాటను.

ఈ సందర్భమున రాజమహేంద్రవరపు మరియొక సంప్రదాయమును స్మరింపవలెను. ఆ నగరముననే కందుకూరి వీరేశలింగము (1848–1919) ప్రహసనములు వ్రాసెను. ‘వ్యవహారధర్మబోధిని’లో ఆయన న్యాయస్థానములచుట్టు అల్లుకొన్న అక్రమములను వ్యావహారికభాషలోనే ఎండగట్టెను. అందు నేరమును కలదు, నవ్వును కలదు. కాని నవ్వునకు గురి నిశ్చితము. నవ్వి లేచిన పాఠకుడు ఎవరిని నవ్వెనో ఎరుగును. ఈ చిత్రమున గురి ఒక్కచోట మాత్రము నిశ్చితముగ నున్నది: మనుష్యుని ప్రాణముకంటె ప్రభుత్వము పరువునకు విలువ హెచ్చుగా కట్టు ముఖ్యమంత్రి పాత్రయందు. నరేశ్ నటించిన ఆ పాత్రవలన పుట్టిన నవ్వు వీరేశలింగముగారి సభలోనైనను చెల్లును. తక్కినచోట్ల నవ్వు గురిలేని బాణమై గాలిలో తిరిగినది.

తేలిన అంశమిది. వీరుని వయస్సు మీరినపుడు వీరరసము నశింపదు. ఆశ్రయమును గాక ఆవరణమును మార్చుకొనును. రణరంగమునుండి ఇంటిలోనికి వచ్చి, ఇల్లాలి మాటలో తన కొలతను వెదకికొనును. ఈ మార్పునకు కావలసిన భావసంధానమును తిమ్మన, పోతన మనకు ఏనాడో నేర్పిరి. భామాకలాపము దానిని ఊరూరికి చేర్చినది. కోనసీమ పలుకుబడి దానికి నాలుకను ఇచ్చినది. నేరమును నవ్వుగా మార్చు నేర్పు మన సంప్రదాయముననే ఉన్నదనుట నిస్సందేహము. ఆ నేర్పుతోపాటు నవ్వునకు గురి ఉండవలెనను నియమమును కూడ మన సంప్రదాయమే విధించినదని మరువరాదు.

పరిశోధకవిద్యార్థులకు ఇచట పని మిగిలియున్నది. కొత్తపేట, రాజోలు ప్రాంతముల వాడుకలో “అండి”, “ఆయ్” అనువానికి గల వ్యంగ్యార్థములను సందర్భసహితముగా సేకరించి, తెరపై వినబడు గోదావరిభాషతో పోల్చి చూడవలెను. తెరభాష ఊరిభాషను పోషించుచున్నదో, ఒకటి రెండు ముద్రలుగా కుదించి దానిని నకలు చేయుచున్నదో అపుడు తెలియగలదు. చిత్రము వచ్చిపోవును. ఏటిగట్టున నిలబడి ఒక వృద్ధురాలు మనుమని తప్పును “తమకు తెలవదేటండి” అని దిద్దుచున్న పలుకు మాత్రము, మనము వినక వ్రాసికొనకపోయినచో, ఆమెతోడనే పోవును.